శాకాహార కుర్రకారు ఇంట్లో తోట కిట్ ఎందుకు కొంటున్నారు? ప్రశ్నావళికి మీ మాట కావాలి

ప్రశ్నల_సంచి
అందరికీ నమస్కారం. హైదరాబాద్ ఫ్లాట్లలో ఉండే 22–32 ఏళ్ల శాకాహారులు ఇంటి లోపల పెంచుకునే తోట కిట్లు ఎందుకు కొంటారో తెలుసుకోడానికి ప్రశ్నావళి తయారుచేస్తున్నాను. కిట్ అంటే మట్టి కుండీ కాదు. పోషకాలు కలిపిన నీళ్లకి 3–5 లీటర్ల ట్యాంకు, పైన ఎల్‌ఈడీ దీపం, చిన్న పంపు, మొక్కలు పెట్టే 6 నుంచి 12 గుంటలు ఉండే పెట్టె. ఇప్పటికి రాసుకున్న కారణాలు: ఆరోగ్యం, పురుగుమందుల భయం, ధర, చోటు, అందం, స్నేహితుల మాట, పర్యావరణం. ఏం వదిలేశాను? ఇంకో సంగతి. కొన్న మూడు నెలలకి కూడా ఆ దీపం వెలుగుతూ ఉండాలంటే పెట్టెలో ఏముండాలి? తెలిసినవాళ్లు వివరంగా చెప్పండి.

కొలతబద్ద
మీ జాబితాలో తప్పు లేదు గానీ, అది కారణాల మూట. ముందు దాన్ని విడదీయాలి. ఇలాంటి పనికి ఎక్కువమంది వాడేది ఐజక్ ఆజెన్ 1991లో వివరంగా రాసిన ‘ప్రణాళికాబద్ధ ప్రవర్తన’ నమూనా. అందులో మూడు పాయలుంటాయి. ఆ పని మీద మనకున్న అభిప్రాయం ఒకటి. మనవాళ్లు ఏమంటారోనన్నది రెండోది. ‘నా వల్ల అవుతుందా’ అన్నది మూడోది. మీరు రాసుకున్నవన్నీ మొదటి రెండింటిలోకే పోతాయి. మూడోది ఒక్కటీ లేదు. తోట కిట్ విషయంలో అసలు బరువంతా దానిమీదే ఉంటుంది: రోజూ చూసుకోగలనా, వారం ఊరెళ్తే ఏమవుతుంది, మొక్క చచ్చిపోతే ఎందుకు చచ్చిందో తెలుస్తుందా.

ఇంకో మూడు మాటలు.

‘శాకాహారి’ని ముందే నిర్వచించండి. గుడ్డు తినేవాళ్లు, ఇంట్లో మాత్రమే శాకాహారులైనవాళ్లు, ఉల్లి వెల్లుల్లి కూడా ముట్టనివాళ్లు, పాలు కూడా మానేసినవాళ్లు, వీళ్లంతా ఒకటి కాదు. పేరు పెట్టి అడక్కుండా ‘గత 30 రోజుల్లో వీటిలో ఏవి తిన్నారు’ అని అడిగి, విభజన మీరే చేసుకోండి.

మాంసాహారుల్ని కూడా అడగాలి. వాళ్లు లేకపోతే, మీకు వచ్చిన ఫలితం శాకాహారం వల్ల వచ్చిందో, వయసు వల్ల వచ్చిందో, ఫ్లాట్ వల్ల వచ్చిందో తేలదు. అలాంటప్పుడు ‘శాకాహారులు ఇందుకే కొంటారు’ అని రాసే హక్కు ఉండదు.

‘కొంటారా?’ అని అడిగితే అందరూ అవుననే అంటారు. ‘గత వారం ఆకుకూరలు ఎన్నిసార్లు కొన్నారు, ఎన్ని కట్టలు వాడిపోయి పారేశారు’ అని అడగండి. జరిగిపోయిన పని గురించి అడిగితే జవాబు నిలబడుతుంది. జరగబోయేదాని గురించి అడిగితే మర్యాద కోసం చెప్పిన మాటే వస్తుంది.

మూసీగట్టు
అన్నా, పురుగుమందుల భయం అని ఒక్క ముక్కల రాస్తే సరిపోదు. ఇక్కడ రెండు భయాలున్నయ్, వేరువేరుగ అడగాలె.

మొదటిది మందు. మోనోక్రోటోఫాస్ కూరగాయల మీద కొట్టొద్దని 2005లనే నిషేధం వచ్చింది. అయినా కొనేటోనికి కట్ట చూస్తే ఏం కొట్టిన్రో తెల్వదు. ఆకుకూరకు గింజ పెట్టినంక 25–30 రోజులకే కోత. మందు కొట్టినంక ఆగాల్సిన రోజులు ఆగకుంటనే కోసే అవకాశం అందుకే ఎక్కువ.

రెండోది నీళ్లు. మూసీ పొంటి పారే మురుగునీళ్లతోని పాలకూర, తోటకూర పండిస్తరని హైదరాబాద్‌ల అందరికీ ఎరుకే. శాకాహారి ఇంట్ల వారానికి నాలుగైదు సార్లు ఆకుకూర వండుతరు, అందుకే ఈ భయం వాళ్లకు ఎక్కువ పడుతది.

పెట్టె ఈ రెండింటినీ తీర్చుతది, కానీ అందుల పెరిగే ఆకు వరకే. మిగిలిన వంకాయ, బెండకాయ, గోబి బజారు నుంచే వస్తయి కద. ‘ఇది కొంటె మా ఇంట్ల మందు లేని తిండి’ అనుకొని కొన్నోళ్లు తర్వాత నిరాశపడ్తరు. ఏ కూర కోసం కొంటున్నరో పేరు పెట్టి అడుగున్రి.

వంటింటి_లెక్క
మూసీగట్టు గారి చివరి మాటకి లెక్క జోడిస్తాను.

12 గుంటల పెట్టెలో అంతా తోటకూర వేశారనుకోండి. గుంటకి 40–50 గ్రాములు తీసుకుంటే నెలకి 500–600 గ్రాములు. ఇద్దరికి తోటకూర పప్పు చేయాలంటే 150–200 గ్రాముల ఆకు కావాలి. అంటే నెలంతా దీపం వెలిగించి మూడు సార్లు పప్పు వండుకుంటారు. లెట్యూస్ వేస్తే గుంటకి 80 గ్రాముల లెక్కన 40 రోజులకి కిలోకి కాస్త తక్కువ.

కరెంటు: 24 వాట్ల దీపం రోజుకి 16 గంటలు వెలిగితే 0.384 యూనిట్, నెలకి 11.5 యూనిట్లు. 4 వాట్ల పంపు అరగంటలో 15 నిమిషాలు తిరిగితే నెలకి ఇంకో 1.4. మొత్తం 13 యూనిట్ల దాకా. యూనిట్ 8 రూపాయలనుకుంటే 104 రూపాయలు. దీనికి పోషకాలు, గింజ వేసే స్పాంజీలు, విత్తనాలు కలుపుకోండి. ఆ డబ్బుకి బజార్లో తోటకూర మూడు పప్పులకి కాదు, అంతకు ఎన్నో రెట్లు వస్తుంది.

కొత్తిమీర సంగతి చూడండి. మన దగ్గర కూరగాయల బండి మీద రెండు రెబ్బల కొత్తిమీర, కరివేపాకు కొసరుగా వేస్తారు. ఊరికే వచ్చేదాన్ని ఎవరు పెంచుతారు అని ఇంట్లో అమ్మ అడిగితే ఏం చెప్పాలో తోచదు. ఆ ప్రశ్న న్యాయమైనదే. కాబట్టి డబ్బు ఆదా అవుతుందని కొనేవాళ్లకి ఈ పెట్టె తగదు. తగేది ఎవరికంటే: రోజూ గుప్పెడు చాలు అనుకునే ఆకు కావాలి, కట్ట కొంటే ఫ్రిజ్‌లో నల్లబడి పోతోంది, ఒక్కరో ఇద్దరో ఉన్న ఇల్లు. పుదీనా, బేసిల్, లెట్యూస్, కొద్దిగా కొత్తిమీర. బేసిల్ చిన్న డబ్బా ధరని గ్రాము లెక్కన తోటకూరతో పోల్చి చూడండి, తేడా అక్కడే తెలుస్తుంది.

మీ ప్రశ్నావళిలో ‘మీ ఇంట్లో ఎక్కువగా వాడిపోయి పారేసే ఆకు ఏది’ అన్నది తప్పకుండా పెట్టండి. కొనుగోలుకి దగ్గరి కారణం అదే.

ప్రశ్నల_సంచి
ఈ లెక్క కళ్లు తెరిపించింది. నేను ‘ధర’ని పొదుపు అనే అర్థంలో ఒక కారణంగా రాసుకున్నాను, తీసేస్తున్నాను. దీపం సంగతి ఎవరైనా చెప్తారా? ప్రతి కంపెనీ వాట్లు చెప్తోంది గానీ, ఆ వాట్లు సరిపోతాయో లేదో తెలియడం లేదు.

నీటిసేద్యం
వాట్లు కరెంటు బిల్లుకి కొలత. మొక్కకి కొలత ఆకు మీద పడే వెలుగు. దాన్ని పీపీఎఫ్‌డీ అంటారు, చదరపు మీటరుకి సెకనుకి ఎన్ని మైక్రోమోల్స్ (వెలుగు కణాల లెక్క) అని. లెట్యూస్‌కి 200 చొప్పున 16 గంటలు ఇస్తే రోజుకి 11.5 మోల్స్ అవుతుంది. లెట్యూస్‌కి రోజుకి కావలసింది 12–17, కాబట్టి ఇది దాదాపు కింది అంచు. బేసిల్‌కి 15 పైనే ఉంటే మంచిది. టమాటా, మిరపకి 20–30 కావాలి. అందుకే డబ్బా మీద చెర్రీ టమాటాలు నిండుగా కాసిన బొమ్మ వేసి లోపల 20 వాట్ల దీపం పెడితే నమ్మకండి. పూత వస్తుంది, రాలిపోతుంది.

ఇంట్లో కొలవడం ఎలా అంటే, ఫోన్‌లో వెలుగు కొలిచే లక్స్ మీటర్ యాప్ పెట్టుకుని, ఫోన్‌ని ఆకు ఎత్తులో బోర్లా కాకుండా తెర పైకి ఉండేలా పెట్టి చూడండి. తెల్ల ఎల్‌ఈడీ అయితే లక్స్‌ని 70తో భాగిస్తే దాదాపు పీపీఎఫ్‌డీ వస్తుంది. 200 కావాలంటే 14,000 లక్స్ చూపించాలి. గులాబీ, ఊదా రంగు దీపాలకి ఈ లెక్క పనికిరాదు. పెట్టె మధ్యలోనే కాదు, నాలుగు మూలల్లోనూ చూడండి. మూలల్లో సగానికి పడిపోతే ఆ నాలుగు గుంటలూ పేరుకే. పోల్చుకోడానికి చెప్తున్నా: ఎండ తగలని కిటికీ పక్కన 1,000–2,000 లక్స్ ఉంటుంది, మిట్టమధ్యాహ్నపు ఎండ లక్ష లక్స్. కిటికీ వెలుగు చాలనుకుని దీపం లేని పెట్టె కొనేవాళ్లు ఈ ఒక్క కొలత ముందే చూసుకుంటే చాలు.

40 సెంటీమీటర్ల పొడవు, 20 సెంటీమీటర్ల వెడల్పు పెట్టెకి మామూలు రకం ఎల్‌ఈడీ అయితే 20–24 వాట్లు సరిపోతాయి. అదే వాట్లు 60×30కి పరిచి అమ్మితే చాలవు.

దీపం ఎత్తు మార్చే కడ్డీ ఉందో లేదో తప్పకుండా చూడండి. మొలకలప్పుడు దీపం వాటికి 15 సెంటీమీటర్ల ఎత్తులో ఉండాలి, పెరిగేకొద్దీ ఎత్తాలి. దీపం దూరమైతే కాడ తెల్లగా, సన్నగా సాగి ఒక పక్కకి వాలిపోతుంది. చాలామంది దీన్ని ‘బాగా పెరుగుతోంది’ అనుకుంటారు. రెండాకుల దశలోనే కాడ 4–5 సెంటీమీటర్లు లేచిందంటే వెలుగు చాలట్లేదని అర్థం. అది తర్వాత బలపడదు. తీసేసి మళ్లీ గింజ వేయడమే మంచిది.

అద్దె_గోడలు
కొనడానికి ఇంకో పెద్ద కారణం ఎవరూ చెప్పలేదు. అద్దె ఇల్లు. బాల్కనీలో మట్టి కుండీలు పెడితే నీళ్లు కారి కింది ఫ్లాట్ గోడకి మరకలు పడతాయని చాలా ఓనర్లు ఒప్పుకోరు. ఇల్లు మారేటప్పుడు 20 కుండీలు మోయలేరు. ఉత్తరం వైపు బాల్కనీ అయితే ఎండే రాదు. ఇలాంటివాళ్లకి పెట్టె అనేది ఇష్టం కంటే మిగిలిన ఒకే దారి. కాబట్టి సొంతిల్లా, అద్దా, ఏ దిక్కు బాల్కనీ అన్నవి అడగండి.

అలాగే ఒక్క గది ఉన్న ఇంట్లో 16 గంటల దీపమంటే నిద్రకి అడ్డం. దీపం ఉదయం 5కి వెలిగి రాత్రి 9కి ఆరేలా టైమర్ పెట్టుకోవాలి. కొన్ని పెట్టెల్లో టైమర్ మీట నొక్కిన నిమిషం నుంచే మొదలవుతుంది. కరెంటు పోయి వస్తే ఆ క్షణం నుంచి మళ్లీ లెక్క, అంటే అర్ధరాత్రి దీపం వెలుగుతుంది. గడియారాన్ని గుర్తుపెట్టుకునే టైమర్ ఉందో లేదో అడిగి కొనండి. లేకపోతే బయట బ్యాటరీ ఉన్న ప్లగ్ టైమర్ పెట్టుకోవాలి.

పెట్టె కింద అంచున్న స్టీలు ట్రే పెట్టండి. స్విచ్చు బోర్డు ట్యాంకు నీటిమట్టం కంటే పైన ఉండాలి. వైరు ముందు కిందికి దిగి, ఒక వంపు తిరిగి ప్లగ్‌లోకి పోవాలి. అప్పుడు చెమ్మ వంపు దగ్గరే కారిపోతుంది, ప్లగ్ దాకా పాకదు.

గింజల_గురిగి
మన వంటకి పనికొచ్చే వాటి సంగతి చెప్తాను. కిట్‌తోపాటు వచ్చే విత్తనాలు ఎక్కువగా లెట్యూస్, కేల్, పార్స్లీ. మన ఇళ్లలో వీటికి పొయ్యి మీద చోటు తక్కువ. రెండో విడత వేయకుండా పెట్టెను అటక ఎక్కించేది అందుకే అని నా నమ్మకం.

కొత్తిమీర: వంటింటి ధనియాలే చాలు, వేయించనివి అయితే. చపాతీ కర్రతో మెల్లగా దొర్లించి రెండు బద్దలు చేయాలి, పొడి కాకూడదు. రాత్రంతా నానబెట్టి గుంటకి 5–6 బద్దలు వేయండి. 7–14 రోజులకి మొలుస్తుంది, కోతకి 40–45 రోజులు. తల్లివేరు కదిలితే అలుగుతుంది, అందుకని వేరేచోట మొలిపించి నాటకుండా గుంటలోనే వేయాలి.

పుదీనా: గింజ వద్దు. బజారు కట్టలోంచి ముదురు కాడలు 8–10 సెంటీమీటర్లకి తుంచి, కింది ఆకులు తీసేసి, గ్లాసు నీళ్లలో పెడితే 7–10 రోజుల్లో వేర్లు వస్తాయి. దీని వేర్లు పంపులోకి దూరతాయి. పంపుకి దూరంగా ఉన్న గుంటలో పెట్టి, నెలకోసారి వేర్లు మూడో వంతు కత్తిరించండి.

బేసిల్: కిరాణా కొట్టు సబ్జా గింజలు వేసినా వస్తుంది. వాసన ఇటలీ రకంలా ఉండదు, కాస్త సోంపు, లవంగం వైపు ఉంటుంది. చట్నీకి బాగుంటుంది.

గోంగూర: దీని గురించి చాలామందికి తెలియని మంచి విషయం ఉంది. గోంగూర పగలు తగ్గితే పూతకొస్తుంది. దీపం 14–16 గంటలు ఇస్తే పూతకి పోకుండా ఆకే వేస్తుంది. కాకపోతే ఎత్తు పెరుగుతుంది. 20 సెంటీమీటర్ల దగ్గర తల తుంచేస్తూ ఉండాలి, పక్క కొమ్మలు వస్తాయి. పెట్టెకి రెండు మొక్కలు మించకూడదు.

మెంతి: గుంటల్లో దండగ. పళ్లెంలో వేసుకోండి. 8 గంటలు నానబెట్టి, కడిగిన కొబ్బరిపొట్టు మీద వత్తుగా చల్లి, రెండు రోజులు మూతపెట్టి తర్వాత వెలుగులో ఉంచితే 7–10 రోజులకి కోసుకోవచ్చు.

ఇక్కడ ఒక హెచ్చరిక, దీన్ని తేలిగ్గా తీసుకోకండి. విత్తనాల కొట్లో దొరికే గింజలకి గులాబీ, నీలం రంగు పూత ఉంటే అది థైరమ్ లాంటి బూజుమందు. చేలో నాటడానికి ఉద్దేశించింది. మొలకలుగా, చిట్టి ఆకులుగా తినడానికి అలాంటి గింజ ఎంత కడిగినా వాడకూడదు. చిట్టి ఆకులకి ఆవాలు, మెంతులు, పెసలు కిరాణా కొట్లో తినే సరుకుగా అమ్మేవే తీసుకోండి. ఆవాలైతే 25×50 సెంటీమీటర్ల పళ్లేనికి 12–15 గ్రాములు చాలు. ఇంకా వత్తుగా చల్లితే గాలాడక మధ్యలో బూజు పడుతుంది. వేరు చుట్టూ తెల్లని నూగులాంటివి కనిపిస్తే నీళ్లు చిలకరించి చూడండి: అణిగిపోతే వేరు నూగు, సాలెగూడులా కాడలకి అల్లుకుని అలాగే ఉంటే బూజు.

పోషణపట్టిక
ఆరోగ్యం అనే కారణం గురించి. శాకాహారులకి అమ్మే ప్రకటనల్లో ‘ప్రోటీన్, ఐరన్, బీ12 మీ ఇంట్లోనే’ లాంటి మాటలు కనిపిస్తాయి. వీటిలో ఏది ఎంతవరకు నిజమో చూడండి.

బీ12 ఆకుల్లో ఉండదు. నీళ్లలో పెంచినా మట్టిలో పెంచినా అంతే. పాలు, పెరుగు తీసుకోనివాళ్లు డాక్టరు సలహాతో మాత్రో, బీ12 కలిపిన ఆహారమో తీసుకోవాల్సిందే.

ప్రోటీన్: 100 గ్రాముల పాలకూరలో 2 గ్రాములు, 100 గ్రాముల పచ్చి కందిపప్పులో 21 గ్రాములు దాటి. తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థ 2017లో తెచ్చిన ఆహార పట్టికలు ఎవరైనా చూసుకోవచ్చు. పెట్టె ఇచ్చే గుప్పెడు ఆకుతో ప్రోటీన్ లెక్క మారదు.

ఐరన్ ఉంటుంది, కానీ ఆకుల్లోది ఒంటికి తక్కువ పడుతుంది. నిమ్మరసం పిండుకుంటే పట్టడం పెరుగుతుంది. భోజనంతో కాఫీ, టీ తాగితే తగ్గుతుంది.

అదే సంస్థ 2024 మార్గదర్శకాల్లో రోజుకి కూరగాయలు, ఆకుకూరలు కలిపి 400 గ్రాములు అని చెప్పింది. వంటింటి లెక్క గారి అంచనా ప్రకారం పెట్టె రోజుకి ఇచ్చేది 20 గ్రాములు. ఆ 20 గ్రాములు తాజాగా, రుచిగా, పచ్చిగా తినగలిగేలా ఉంటాయి. అంతవరకు గట్టిగా చెప్పొచ్చు.

వెలుగు తక్కువైన చోట పెరిగిన ఆకుల్లో నైట్రేట్ పేరుకుంటుందనీ గుర్తుంచుకోవాలి. కోతకి రెండు మూడు రోజుల ముందు పోషకాలు లేని మామూలు నీళ్లలో ఉంచితే తగ్గుతుంది.

పచ్చిపాలు_లేవు
పాలు కూడా ముట్టనివాళ్ల వైపు నుంచి ఒక ప్రశ్న. పోషకాల సీసాలో ఏముంటుంది? ‘ఆర్గానిక్’ అని రాసిన కొన్నిటిలో ఎముకల పొడి, రక్తపు పొడి, చేపల ద్రావణం ఉంటాయి కదా. శాకాహారులు దీనికోసం కొనడం మానేస్తారా అన్నది కూడా ప్రశ్నావళిలో ఉండాలి.

నీటిసేద్యం
చాలా మంచి ప్రశ్న, అమ్మేవాళ్లకి తట్టనిది. నీటి సేద్యానికి వాడే మామూలు ఖనిజ లవణాల్లో జంతువులది ఏమీ ఉండదు: కాల్షియం నైట్రేట్, పొటాషియం నైట్రేట్, మోనో పొటాషియం ఫాస్ఫేట్, మెగ్నీషియం సల్ఫేట్, ఈడీటీఏతో కట్టిన ఐరన్, కొన్ని సూక్ష్మ పోషకాలు. ఇవి ఆర్గానిక్ కావు, కానీ శాకాహారికి అభ్యంతరం లేనివి. పంచగవ్యం, జీవామృతం లాంటివి చేలో మంచివే, ట్యాంకులో మాత్రం పోయకండి. కుళ్లి, నురగ కట్టి, పంపు మూసుకుపోతుంది. నత్రజని, భాస్వరం, పొటాష్ సమానంగా ఉండే 19:19:19 ఎరువు కూడా వద్దు. అందులో నత్రజనిలో సగానికి పైగా యూరియా రూపంలో ఉంటుంది. దాన్ని మార్చే సూక్ష్మజీవులు మట్టిలో ఉన్నంతగా ట్యాంకులో ఉండవు. పైగా అందులో కాల్షియం లేదు.

పోషకాలు ఏ, బీ అని రెండు సీసాలుగా ఎందుకిస్తారో కూడా తెలుసుకోవాలి. కాల్షియం ఒక దాంట్లో, ఫాస్ఫేట్, సల్ఫేట్ ఇంకోదాంట్లో ఉంటాయి. చిక్కగా ఉన్నప్పుడు రెండూ కలిస్తే తెల్లగా విరిగినట్టయి అడుక్కి సుద్దలా దిగుతుంది. ఇక అది మొక్కకి అందదు. ట్యాంకు నిండా నీళ్లు పోసి, ఏ వేసి కలిపి, తర్వాత బీ వేయాలి. ఒకే కొలత మూతతో రెండూ తీస్తే మధ్యలో కడగాలి.

మోతాదు: చీటీ మీద చెప్పినదాంట్లో సగంతో మొదలుపెట్టండి. నీళ్లలో కరిగిన లవణాలెన్నో చూపే ఈసీ మీటరు ఉంటే (మిల్లీసీమెన్స్ లెక్కలో) లెట్యూస్‌కి 0.8–1.2, బేసిల్‌కి 1.0–1.6, పుదీనాకి 2 దాకా. పీహెచ్ (నీళ్ల ఆమ్లత్వపు కొలత) 5.5–6.5 మధ్య. అన్నీ ఒకే ట్యాంకులో ఉంటే ఈసీ 1.2 దగ్గర ఆపితే ఎవరికీ హాని ఉండదు.

నీళ్లు: బోరు నీళ్లు ముందు కొలవండి. ఉట్టి నీళ్లకే ఈసీ 1 చూపిస్తే, పోషకాలకి చోటే లేదు. అలాంటి నీళ్లు ఒక వంతు, ఆర్‌ఓ నీళ్లు మూడు వంతులు కలపాలి. పూర్తిగా ఆర్‌ఓ అయితే కాల్షియం, మెగ్నీషియం విడిగా చూసుకోవాలి. పీహెచ్ తగ్గించడానికి నిమ్మరసం పిండితే ఒకటి రెండు రోజుల్లో మళ్లీ పైకొస్తుంది. ఫాస్ఫారిక్ ఆమ్లం ఉన్న ద్రావణం చుక్కలు చుక్కలుగా వేసి, పావుగంట ఆగి కొలవాలి.

ట్యాంకులో నీళ్లు తగ్గితే మామూలు నీళ్లే పోయండి. ఆవిరయ్యేది నీరు, పోషక లవణాలు లోపలే ఉంటాయి. ప్రతిసారీ పోషకాలు కలిపిన నీళ్లే పోస్తే ఈసీ పెరిగి ఆకు అంచులు మాడతాయి. 12–15 రోజులకోసారి మొత్తం మార్చేయాలి.

ఆకు చూసి రోగం చెప్పడం: లేత ఆకులు పసుపై, ఈనెలు మాత్రం పచ్చగా ఉంటే ఐరన్ అందట్లేదు. ఐరన్ తక్కువై కాదు, ఎక్కువసార్లు పీహెచ్ 6.5 దాటడం వల్ల. ఇంకా ఐరన్ పోయకుండా పీహెచ్ దించండి. ముదురు ఆకులు మొత్తంగా పాలిపోతే నత్రజని తక్కువ. లెట్యూస్ లోపలి లేత ఆకుల కొసలు గోధుమ రంగులోకి మాడితే కాల్షియం అక్కడిదాకా చేరట్లేదని. దానికి మందు చిన్న ఫ్యాను గాలి.

మూసీగట్టు
ఎండకాలం సంగతి ఎవ్వరు చెప్తలేరు. ఏప్రిల్, మే నెలల్ల ఏసీ లేని గదిల ట్యాంకు నీళ్లు 30 డిగ్రీలు దాటుతయి. పెట్టె అమ్ముడుపోయేది జనవరిల, మొక్క చచ్చేది ఏప్రిల్‌ల.

నీటిసేద్యం
సరిగ్గా చెప్పారు. 20 డిగ్రీల నీళ్లలో లీటరుకి 9 మిల్లీగ్రాముల ఆక్సిజన్ కరుగుతుంది, 30 డిగ్రీల దగ్గర 7.5. వేడికి వేరు ఊపిరి అవసరమేమో పెరుగుతుంది. ఈ సందులో పిథియం అనే వేరుకుళ్లు దూరుతుంది. వేరు తెల్లగా ఉండాల్సింది గోధుమ రంగుకి తిరిగి, వేళ్ల మధ్య పట్టి లాగితే పై తొక్క జారి లోపలి దారం మిగులుతుంది. వాసన మురిగిన నీళ్లలా ఉంటుంది. ఆ మొక్క తీసేయండి. ట్యాంకు ఖాళీ చేసి, లీటరుకి 5 మిల్లీలీటర్ల బ్లీచ్ ద్రావణంతో అరగంట ఉంచి, రెండుసార్లు కడిగి మళ్లీ మొదలుపెట్టండి.

ఐసు సీసాలు ట్యాంకులో వేయమనే సలహా చాలాచోట్ల కనిపిస్తుంది. 4 లీటర్ల ట్యాంకుకి అది మంచిది కాదు. గంటలో పది డిగ్రీలు పడి, సాయంత్రానికి మళ్లీ లేస్తుంది. ఆ ఊగిసలాట వేరుకి ఇంకా హాని. అంతకంటే పంట మార్చడం తెలివైన పని. లెట్యూస్ గింజ 28–30 డిగ్రీలు దాటితే మొలవడమే మానేస్తుంది. వేసవిలో తోటకూర, గోంగూర, బచ్చలి, బేసిల్. అక్టోబరు నుంచి ఫిబ్రవరి దాకా లెట్యూస్, కొత్తిమీర, పాలకూర. దీపాన్ని సాయంత్రం 6కి వెలిగించి ఉదయం 8–10కి ఆర్పితే దాని వేడి పగటి వేడికి తోడవ్వదు, నిద్రపోయే గదిలో లేకపోతే.

డాలస్_గోంగూర
అమెరికాలో ఉండే తెలుగు శాకాహారుల లెక్క కాస్త వేరు. ఇక్కడ లెట్యూస్, బేసిల్ ఎక్కడైనా దొరుకుతాయి. దొరకనివి గోంగూర, బచ్చలి, మంచి కరివేపాకు. నవంబరు నుంచి మార్చి దాకా పెరట్లో ఏమీ నిలవదు. కొనడానికి అసలు కారణం ఆ నాలుగైదు నెలలు.

కరివేపాకు చెట్టు మీద నిమ్మజాతి చెట్లకి తెగులు మోసే పురుగు బతుకుతుంది. అందుకే ఫ్లోరిడా, టెక్సస్, కాలిఫోర్నియాల్లో క్వారంటైన్ ప్రాంతాల నుంచి మొక్కని బయటికి తీసుకెళ్లడం మీద ఆంక్షలున్నాయి. మొక్కని ఒక రాష్ట్రం నుంచి ఇంకో రాష్ట్రానికి కార్లో పెట్టుకుని తీసుకెళ్లకండి. కరివేపాకు ఈ చిన్న పెట్టెల్లో పెరగదు, కుండీయే కావాలి. చలికాలం లోపల పెట్టి నీళ్లు బాగా తగ్గించాలి. ఆకులు రాలితే చచ్చిందనుకోకండి, కాడ గోటితో గీరితే లోపల పచ్చగా ఉంటే బతికే ఉంది.

ఇంకో కారణం మీ ప్రశ్నావళికి: పెట్టె తయారీదారు రేపు ఉంటాడా? ఏరోగార్డెన్ కంపెనీ 2025 జనవరి 1 నుంచి మూసేస్తున్నట్టు 2024 అక్టోబరులో ప్రకటించింది. తర్వాత మళ్లీ అమ్మకాలు మొదలయ్యాయి. కానీ ఆ మధ్యలో పాడ్‌లు (గింజ పెట్టి అమ్మే చిన్న గుళికలు), యాప్ సంగతి ఏమిటని అందరికీ గుబులు పట్టుకుంది. ఆ కంపెనీ పాడ్ తప్ప పట్టని గుంట, యాప్ లేకపోతే వెలగని దీపం ఉన్న పెట్టె కొనొద్దు. గుంటలో 2 అంగుళాల మామూలు నెట్ కప్పు (జల్లెడలాంటి కప్పు) కూర్చుంటే ఎక్కడి స్పాంజీ అయినా వాడుకోవచ్చు.

అద్దె_గోడలు
దోమల మాట మర్చిపోయాం. డెంగీ మోసే దోమ నిలవున్న మంచినీళ్లలో గుడ్లు పెడుతుంది, వారం పది రోజుల్లో దోమై లేస్తుంది. ఖాళీ గుంటలకి మూతలు ఉండాలి. మొక్క తీసేసిన గుంటని తెరిచి వదలకండి. మూతలు వెలుగుని కూడా ఆపుతాయి, ట్యాంకులో పాచి పట్టదు.

వంటింటి_లెక్క
కొనే ముందు పరీక్షించుకునే దారి ఒకటుంది. హవాయి విశ్వవిద్యాలయంలో బెర్నార్డ్ క్రాట్కీ రూపొందించిన పద్ధతికి పంపు అక్కర్లేదు. 5 లీటర్ల మూతున్న బకెట్టు, మూతకి 2 అంగుళాల కన్నం, నెట్ కప్పు, పోషకాలు. వెలుగు లోపలికి దూరకుండా బకెట్టుకి నల్ల రంగు, దాని మీద తెల్ల రంగు వేయాలి. మొదట నీళ్లు కప్పు అడుగుని తాకాలి. మొక్క తాగేకొద్దీ మట్టం దిగి, పైన మిగిలిన ఖాళీలో వేర్లు గాలి పీల్చుకుంటాయి. ఇక్కడ చేసే తప్పు ఒకటే: మట్టం తగ్గిందని మళ్లీ పైదాకా నింపడం. గాలికి అలవాటుపడ్డ వేర్లు మునిగి మొక్క వాడిపోతుంది. పోయాల్సి వస్తే సగం దాకానే పోయండి. కప్పు చుట్టూ సందు లేకుండా చూసుకోండి, దోమల సంగతి పైన చెప్పారు కదా. ఒక పుదీనా, ఒక బేసిల్ 6 వారాలు ఇలా నిలబెట్టగలిగినవాళ్లు పెట్టె కొన్నా వాడతారు.

ప్రశ్నల_సంచి
అందరికీ చాలా కృతజ్ఞతలు. మార్చిన ప్రశ్నల్లో కొన్ని ఇవి: గత 30 రోజుల్లో ఏం తిన్నారు, ఏ ఆకు ఎక్కువగా వాడిపోయి పారేస్తున్నారు, బజారు ఆకుకూరలో భయం మందు గురించా, నీళ్ల గురించా, బాల్కనీ దిక్కు, అద్దా సొంతమా, మొక్క పాడైతే ఎవరినడుగుతారు, పోషకాల సీసాలో ఏముందో చూస్తారా, ఇంట్లో పెద్దవాళ్లు ఏమంటారు. మాంసాహారులకీ ఇవే ప్రశ్నలు.

కొలతబద్ద
బాగుంది. ఇప్పటికే కొన్నవాళ్లని విడిగా పెట్టి ఇంకో ప్రశ్న అడగండి: ‘చివరిసారి ట్యాంకు నీళ్లు మొత్తం ఎప్పుడు మార్చారు?’ 15 రోజుల లోపు అన్నవాళ్లే నిజంగా వాడుతున్నవాళ్లు. మిగతావాళ్లలో ఎవరు ఏ నెలలో ఆపేశారో కూడా రాసుకోండి. మూసీగట్టు గారు చెప్పినట్టు ఏప్రిల్ దగ్గరే గుంపు పడితే, తేడా మనిషి ఇష్టంలో కాదు, నీళ్ల వేడిలో ఉన్నట్టు.

గింజల_గురిగి
‘రెండో విడత ఏ గింజ వేశారు’ అన్నది కూడా కలపండి. మొదటి విడత కంపెనీ ఇచ్చింది వేస్తారు, రెండోదే వాళ్లు ఎంచుకున్నది.